బావురు పిల్లి కనపడిన సాయంత్రం

పిల్లి కనపడితే చాలు వెళ్ళిపోదామన్నాడు కదా జాన్ పాల్, పిల్లేమో కనపడదు, పొద్దేమో ఆగదు, ఇప్పటికిప్పుడు పడవ వెనక్కి తిప్పి నాగాయలంకలో టీ కూడా తాగకుండా బండి తీస్తే చల్లపల్లి దాకా వెలుతురుంటుంది, అక్కణ్ణుంచి ఉయ్యూరు దాకా చెరకు ట్రాక్టర్లు, వాటికి వెనక లైట్లుండవు, ఉన్నా ఒకటే ఉంటుంది, దాన్ని చూసి మోటార్ సైకిల్ అనుకుంటే అయిపోయినట్టే, కంకిపాడు వచ్చిందంటే ఇక ఫరవాలేదు, పటమట దాకా షాపుల వెలుగే, అని ముస్తాక్ పడవ అంచు పట్టుకుని కూర్చుని దారంతా మనసులోనే నడిపి చూసుకుంటున్నాడు, పడవతను ఇంజన్ ఆపేసి చాలాసేపయింది, ఆటుకి నీళ్ళు వెనక్కి తీసి రెండు పక్కలా నల్లటి బురద బయటపడింది, మడ చెట్ల వేళ్ళు అందులోంచి మేకుల్లా పైకి పొడుచుకుని ఉన్నాయి, జాన్ పాల్ ముందు కూర్చుని కెమెరా కంటికి ఆనించుకుని కదలడు, మెడికల్ రెప్పుగా వారమంతా డాక్టర్ల గుమ్మాల ముందు కూర్చోవడం అలవాటైనవాడికి ఒక పిల్లి కోసం కూర్చోవడం ఏం లెక్క, మధ్యలో జయపాల్ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, శనివారం పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచీ కాలేజీ మాట ఎత్తలేదురా నేను గమనించావా అంటున్నాడు, ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం, తెల్లారకముందే స్టడీ అవర్, వాడికి ఈ రెండు రోజులు పండగ, పోదాం పదండ్రా అని ఎలా అనడం, ఎందుకురా అంటే ఏం చెప్పడం.

అదిగో, అన్నాడు పడవతను గుసగుసగా, పడవ ఒక్కసారి ఎడమకి ఒరిగింది, అందరూ అటు తిరిగారు కాబట్టి ముస్తాక్ కూడా తిరిగాడు, ఆకులు, బురద, వేళ్ళు, ఒక తెల్ల కొంగ ముక్కు, మళ్ళీ బురద, గొట్టంలోంచి చూస్తున్నట్టు చూపుని కొంచెం కొంచెంగా జరుపుతూ వెతికాడు, తల తిప్పితే కనపడింది పోతుంది, తిప్పకపోతే రాదు, బావురు పిల్లంటే ఎంతుంటుంది, మామూలు పిల్లికి రెండింతలా, చారలుంటాయా మచ్చలుంటాయా, కనీసం అది ముందే అడిగి పెట్టుకోవాల్సింది, జాన్ పాల్ కెమెరా టకటకా కొట్టుకుంటోంది, జయపాల్ ముస్తాక్ తొడ మీద చెయ్యేసి, చూశావట్రా, అన్నాడు చిన్నగా, చూశాను, అన్నాడు ముస్తాక్, చేపని పట్టింది చూడు నోట, అన్నాడు జయపాల్, అవును పెద్దదే, అన్నాడు, ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట, ఏడాదిలో బాగా చెయ్యి తిరిగింది, కొట్టుకి వచ్చినవాళ్ళు పక్కనుంచి చాపిన చెయ్యి అందుకోకపోతే ఏదో పనిలో ఉన్నట్టు నటించడం, భార్య సనోబర్ నేల మీద పెట్టిన నీళ్ళ గ్లాసు తన్నేసి ఫోను చూస్తున్నానని చెప్పడం, ధ్యాస ఎక్కడ పెట్టుకు తిరుగుతారండీ మీరు అంటుంది ఆమె, ధ్యాస అనుకోవడమే నయం.

ఏడాది కిందట చూపించుకున్న కళ్ళ డాక్టరమ్మ తన కంటే చిన్నది, ఒక గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం పెట్టమంది, లైటు వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమంది, ముస్తాక్ ఒక్కటీ వదలకుండా నొక్కాననే అనుకున్నాడు, వదిలేసినవి వదిలేసినట్టు తెలియదు కదా, కాగితం మీద చుట్టూ నల్లగా వచ్చి మధ్యలో రూపాయి బిళ్ళంత తెలుపు మిగిలింది, మీవాళ్ళలో ఎవరికైనా రేచీకటి ఉందా అనడిగింది, ఉంది, బందరులో మామూకి, అమ్మకి తమ్ముడు, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయితే మంచం దిగేవాడు కాదు, బద్ధకం మనిషని నవ్వుకునేవాళ్ళందరూ, తను కూడా నవ్వాడు, రాత్రిపూట బండి నడపకండి, అసలు మానేస్తేనే మంచిది, ఈసారి ఇంట్లోవాళ్ళని తీసుకురండి, అంది ఆమె, అలాగేనండీ అని లేచి వచ్చి కింద పార్క్ చేసిన బండి మీదే ఇంటికొచ్చాడు, బండి లేకపోతే ఆటోనగర్‌లో కొట్టెలా, సీటు కవర్లు కుట్టేవాడు బండి నడపడంటే నవ్వరూ, నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు, ఆ నెమ్మది ఇంకా రాలేదు.

జాన్ పాల్‌కి ఫోటో బాగా వచ్చింది, ఆ సంతోషంలో టీ తాగాడు, రెండోది కూడా తాగాడు, బళ్ళు తీసేసరికి కొబ్బరి చెట్ల మీద ఎరుపు కూడా పోయింది, నువ్వు ముందు పో, నేను నీ వెనకాలే వస్తా, అన్నాడు ముస్తాక్, ఇలాంటప్పుడు అతను చేసే పని అదే, ముందు బండి ఎర్ర లైటుని చూపు మధ్యలో పెట్టుకుని అది ఎటు పోతే అటు పోవడం, అది కిందికి దిగితే గుంట, వెలుగు పెరిగితే బ్రేకు, చల్లపల్లి దాటేదాకా అలాగే నడిచింది, వెనక జయపాల్ మాటలు తగ్గి తగ్గి ఆగిపోయాయి, హెల్మెట్ వచ్చి ముస్తాక్ వీపుకి ఆనింది, పడుకున్నాడు, జయపాల్‌కి బండి రాదు, చిన్నప్పుడు ఎవరిదో లూనా నేర్చుకోబోయి చెయ్యి విరగ్గొట్టుకున్నాక మళ్ళీ ముట్టుకోలేదు, ఎక్కడికెళ్ళినా ముస్తాక్ వెనకే, ఎక్కిన కాసేపటికి నిద్ర, ఇలా నిద్రపోయేవాణ్ణి పడిపోకుండా ఎన్ని ఊళ్ళు తిప్పానో అని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాడు, ఎర్ర లైటు కొంచెం చిన్నదైంది, జాన్ పాల్ వేగం పెంచుతున్నాడు, పెంచకురా నాయనా, తనూ పెంచాడు, ఎదురుగా ఒక లారీ, దాని లైట్లు కళ్ళ నిండా పడి తెల్లగా అయిపోయి, ఆ తెలుపు పోయాక అన్నీ నలుపు, ఎర్ర లైటు లేదు, రోడ్డు అంచు ఎక్కడుందో, కాలవ ఎడం పక్కనా కుడి పక్కనా, ఎడమే, ఎడమే, అయితే కుడికి, కాదు కుడికి పోతే ఎదురొచ్చేవాళ్ళు, బ్రేకు నొక్కుతుండగానే హ్యాండిల్‌కి ఏదో మెత్తగా తగిలింది, పచ్చి గడ్డి వాసన గుప్పున కొట్టింది, బండి ఒక పక్కకి జారి ఆగింది.

నిశ్శబ్దంలో ఎక్కడో సైకిల్ చక్రం తిరుగుతున్న చప్పుడు, జయపాల్ జయపాల్ అని పిలిచాడు ముస్తాక్ నేల తడుముతూ, ఉన్నాన్రా, మోచెయ్యి గీరుకుంది అంతే, అన్నాడు జయపాల్ నిద్ర గొంతుతో, ఏమైందిరా, సైకిల్‌తో పాటు పడ్డ ఒక ముసలాయన కాలవ గట్టు మీంచి పైకి లేచి వస్తున్నాడు, గొంతు వినపడుతోంది గాని మనిషి ఎటున్నాడో ముస్తాక్‌కి తెలియడం లేదు, సైకిలూ గడ్డిమోపూ అక్కడే వదిలేసి వచ్చాడు, దెబ్బ తగల్లేదు కాబట్టి తిట్టే ఓపికుంది, ఏమయ్యా, రోడ్డు మీద ఇంత మనిషిని పోతుంటే కళ్ళు కనపడట్లా నీకు, అన్నాడు, ఎంతమంది అనుంటారు ఈ మాట, బెంజి సర్కిల్లో ఆటోవాళ్ళు, కూరగాయల బళ్ళవాళ్ళు, కొట్టు ముందు అడ్డంగా నడిచే ఆడవాళ్ళు, ప్రతిసారీ చెయ్యెత్తి సారీ అని పోయేవాడు, ఈసారి చెయ్యి లేవలేదు, కనపడట్లేదండీ, అన్నాడు ముస్తాక్.

ఎగతాళి చేస్తున్నాడనుకుని ముసలాయన మీదికొచ్చాడు, ఎగతాళి కాదండీ పెద్దాయనా, నిజంగానే, చీకటి పడితే నాకు కనపడదు, పక్కనున్నవైతే పగలు కూడా కనపడవు, డాక్టరు చెప్పి ఏడాదైంది, అన్నాడు, అంటూనే గొంతు ఇంత మామూలుగా ఉందేంటా అని ఆశ్చర్యపోయాడు, కాలవలో నీళ్ళు కదులుతున్నాయి, ముందెళ్ళిన జాన్ పాల్ వీళ్ళు రావడం లేదని వెనక్కి తిరిగొచ్చి హెడ్‌లైటు వెలుగులో అందరినీ చూసి, ఏమైందిరా అంటే, జయపాల్ చెప్పాడు, ముస్తాక్ చెప్పింది చెప్పినట్టే, ఒక్క మాట కలపకుండా, జాన్ పాల్ ముస్తాక్ వైపు తిరిగి, అయితే పిల్లి, అన్నాడు, లేదురా, అన్నాడు ముస్తాక్.

ముసలాయన పేరు జక్కయ్య, ఇల్లు పక్క సందులోనే, బండి మా గొడ్లపాకలో పెట్టి పోండి, ఎవరూ ముట్టుకోరు, రేపో ఎల్లుండో ఎవరైనా వచ్చి తీసుకుపోండి, అన్నాడు, తిట్టిన గొంతులోనే ఇప్పుడు జాలి రావడం ముస్తాక్‌కి తిట్టు కంటే కష్టంగా అనిపించింది, ఇక ఇలాగే ఉంటుంది కాబోలు, జాన్ పాల్ గడ్డిమోపు పైకి లాగి సైకిల్‌కి కట్టి ఇచ్చాడు, బండిని తనే పాకలోకి తోసి తాళం తన జేబులో వేసుకున్నాడు, మీరిద్దరూ బస్సెక్కండ్రా, నేను మీ వెనకే వస్తాలే, అన్నాడు, ముస్తాక్ భుజం మీద ఒకసారి చెయ్యేసి తీసేశాడు.

బస్సు ఆగే చోటు దాకా నడుస్తున్నారు ఇద్దరూ, ఎదర ఎక్కడో ఒక టీకొట్టు లైటు, అదొక్కటే ముస్తాక్‌కి తెలుస్తోంది, జయపాల్ ఎడం పక్కన నడుస్తున్నాడు, తిడితే బాగుండు, ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే బాగుండు, దానికి జవాబులు ఎప్పుడో సిద్ధంగా ఉన్నాయి, కొట్టు, సనోబర్, అమ్మీ తట్టుకోలేదనీ, అన్నీ నిజమే, జయపాల్ అవేమీ అడగలేదు, చాలా దూరం నడిచాక, నీ వెనక నిద్రపోయాను కదరా నేను, అన్నాడు, కోపంగా కూడా కాదు, లెక్క ఎక్కడ తప్పిందో పిల్లాడికి చూపించినట్టు, ముస్తాక్ దగ్గర సిద్ధంగా ఉన్న వాటిల్లో ఒక్కటీ దీనికి పనికి రాలేదు, ఇక్కడ గుంటుంది చూసుకో, అని జయపాల్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు, గుంట దాటాక కూడా వదల్లేదు, ఏడాదంతా తన కళ్ళ గురించే ఆలోచించాడు ముస్తాక్, చీకటి గురించి, కొట్టు గురించి, జనం ఏమనుకుంటారో అని, సనోబర్ మొహం ఎలా అయిపోతుందో అని, వెనక కూర్చున్న మనిషి గురించి మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు, ఆ తప్పు కళ్ళది కాదు.