చప్పుడు చేయని పిల్ల

మన ఇళ్ళలో ఒక మెచ్చుకోలు ఉంది. "మీ పిల్ల ఎంత బుద్ధిమంతురాలమ్మా, ఇంట్లో ఉందో లేదో కూడా తెలియదు!" అంటాం. రెండేళ్ళ పసిదాన్ని పట్టుకుని అనే మాటేనా అది? ఉన్న పిల్ల ఉన్నట్టు తెలియకపోతే సంతోషించాలా, కంగారుపడాలా? ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మెచ్చుకోలుకు మురిసిపోయిన ఒక తల్లి సంగతి చెబుతాను, వినండి. ఆమె చెడ్డ తల్లి కాదు. అందుకే చెప్పాలనిపించింది.

ఆమె ఉద్యోగమంతా ఫోనులోనే. బట్టలుతికే మెషిన్లు అమ్మే కంపెనీ తరఫున, అవి పాడైనప్పుడు జనం చేసే ఫోన్లకు ఇంట్లో కూర్చునే జవాబు చెబుతుంది. ముందుగది మూలలో ఒక బల్ల, కంప్యూటరు, చెవులకు హెడ్‌ఫోను. నీళ్ళు దిగడం లేదనీ, తలుపు తెరుచుకోవడం లేదనీ అరిచేవాళ్ళకు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదుదాకా తేనెలాంటి గొంతుతో సర్దిచెప్పాలి. ఫోనులో ఇంటి చప్పుడు వినబడితే పైఅధికారి మందలిస్తాడు. మూడు మందలింపులు పడితే ఉద్యోగం ఊడుతుంది. భర్త బేకరీలో రాత్రిపూట రొట్టెలు కాలుస్తాడు. తెల్లారాక జుట్టునిండా పిండితో వచ్చి, స్నానం చేసి, లోపలిగదిలో మూడింటిదాకా నిద్రపోతాడు. ఇక ఆ ఇంట్లో చీమ చిటుక్కుమనడానికి వీల్లేదు.

వాళ్ళ కూతురు చిన్ని పెరిగింది ఆ ఇంట్లోనే.

తల్లి ఎన్ని ఏర్పాట్లు చేసిందనీ! అడుగుల చప్పుడు రాకుండా పిల్లకు మందపాటి మేజోళ్ళు తొడిగింది. గిలక్కాయను అటకెక్కించింది. పాటలు పాడే ఏనుగుబొమ్మకు బ్యాటరీలు పీకేసింది. గిన్నెలూ గరిటెలూ అందకుండా పైన పెట్టి గుడ్డబొమ్మలు మాత్రం ఇచ్చింది. హెడ్‌ఫోను పెట్టుకునే ముందు పెదాల మీద వేలుంచి "ష్" అనేది. పిల్ల బుద్ధిగా వెళ్ళి చాప మీద కూర్చునేది. ఫోనుకూ ఫోనుకూ మధ్య ఆమె ఒక్క ఉదుటున లేచి పాలో, నీళ్ళో, అరటిపండు ముక్కో పిల్ల నోటికందించి మళ్ళీ కుర్చీలో పడేది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈ అమ్మ అడగకముందే పెట్టేది. ఇక ఆ పిల్లకు నోరు తెరిచి అడగాల్సిన అవసరమేముంది?

ఈమధ్య చిన్ని రెండు మూడుసార్లు చెంచా విసిరికొట్టింది. నేలమీద పడి కాళ్ళు తపతపా కొట్టుకుంది. తల్లి గబగబా మొబైల్లో బొమ్మల వీడియో పెట్టి, శబ్దం తీసేసి, చేతికిచ్చింది. పిల్ల అందులో పడి ఊరుకుంది.

"మా మనవడైతే ఇల్లు పీకి పందిరేస్తాడమ్మాయ్. మీ చిన్నికి నోట్లో నాలుకే లేదు, బంగారుబొమ్మ!" అనేది పైవాటాలో ఉండే పిన్నిగారు. తల్లి మురిసిపోయేది. ఆ నెలలోనే కంపెనీవాళ్ళు ఆమెకు అందరికన్నా ఓర్పుగా మాట్లాడుతుందని ఒక ప్రశంసాపత్రం పంపారు. ఆమె దానికి ఫ్రేము కట్టించి బల్ల పైన గోడకు తగిలించుకుంది.

రెండేళ్ళు నిండిన వారంలో మొగుడూపెళ్ళాలిద్దరూ చిన్నిని ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్ళారు. అక్కడి నర్సు ముప్పైయేళ్ళుగా పసిపిల్లలను చూస్తున్న మనిషి. చిన్ని బరువు తూచింది, ఎత్తు కొలిచింది. రెండూ భేషుగ్గా ఉన్నాయి.

"మాటలు ఎన్ని వచ్చాయమ్మా?" అని అడిగింది.

"మాటలంటే... చెప్పినవన్నీ అర్థమవుతాయండీ. అసలు అల్లరే చేయదు."

"అర్థమవడం మంచిదే. 'పాలు కావాలి' అన్నట్టు రెండు మాటలు కలిపి అంటుందా? పోనీ, అమ్మా అంటుందా?"

తల్లి భర్త వంక చూసింది.

"నాతో ఏమీ అనదు. రోజంతా ఇంట్లో ఉండేది నువ్వు కదా, నీతో అంటుందనుకున్నా" అన్నాడతను.

"సాయంత్రాలు మీ దగ్గరే ఉంటుంది కదండీ. మీతో అంటుందనుకున్నాను నేను."

నర్సు నేలమీద ఒక బొమ్మనూ, చిన్న కప్పునూ, జానెడు దుప్పటినీ పెట్టి, "ఆడుకో తల్లీ" అంది. చిన్ని బొమ్మను ఒళ్ళోకి తీసుకుంది. కప్పుతో నీళ్ళు తాగించింది. మూతి తుడిచింది. పడుకోబెట్టి దుప్పటి కప్పింది. నర్సు ముఖం విప్పారింది. అప్పుడు చిన్ని వంగి, బొమ్మ పెదాల మీద వేలు పెట్టి, "ష్" అంది.

రెండేళ్ళలో ఆ పిల్లకు తల్లి నేర్పిన మాట అదొక్కటే.

ఆమెకు పిల్ల పదినెలలప్పటి రోజొకటి గుర్తొచ్చింది. చిన్ని "తాతాతా" అంటూ కేరింతలు కొడుతోంది. ఫోనులో ఎవరో కోపంగా ఉన్నారు. తాను నవ్వుతూ వాళ్ళకు జవాబు చెబుతూనే, ఒక చేత్తో పిల్ల నోరు మూసింది. ఆ నోటి తడి ఇప్పుడు అరచేతికి తగిలినట్టయింది.

"దాని నోరు నేనే మూశానండీ" అని భోరుమంది.

నర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఏడవకమ్మా. మాట ఆలస్యం కావడానికి సవాలక్ష కారణాలుంటాయి. ముందు చెవుల పరీక్ష చేయించండి. మాటల డాక్టరుకు చూపించండి. అవే వస్తాయిలే, మా ఇంట్లో అందరికీ ఆలస్యమే అని మాత్రం కూర్చోకండి. మీ పిల్లకు తెలివికేం లోటు లేదు. మీరు చూపించింది చూపించినట్టు నేర్చుకుంది. మీరు నోరు మూసుకోవడం చూపించారు. రెండేళ్ళ పిల్లంటే అడగాలి, అరవాలి, వద్దని మొండికేయాలి, గిన్నె కిందపడేసి ఆ మోత వినాలి. మనం అల్లరంటాం గానీ అది ఎదుగుదలమ్మా. చెంచా విసురుతోందంటే చెప్పుకోడానికి మాట లేకే. ఆ మాట మీరివ్వాలి. 'నీళ్ళు కావాలా?' అని అడిగి, దాని ముఖంలోకి చూస్తూ కాస్త ఆగండి. అంతే. ఆ ఆగడానికే మనకు తీరిక ఉండదు."

చిన్ని చెవులు చక్కగా ఉన్నాయని పరీక్షలో తేలింది. తండ్రి హమ్మయ్య అనుకున్నాడు. తల్లికి మాత్రం తల కొట్టేసినట్టయింది. అంటే పిల్ల అన్నీ విన్నదన్నమాట. అమ్మ పొద్దస్తమానం పరాయివాళ్ళతో ఆడిన తీయని మాటలన్నీ చాప మీద కూర్చుని విన్నది. అందులో తనకోసం ఒక్కటైనా ఉందేమోనని ఎన్నాళ్ళు ఎదురుచూసిందో! ఇంటికి రాగానే ఆమె గోడమీది ప్రశంసాపత్రం తీసి బీరువాలో పడేసింది.

"నా నిద్ర కోసం దాని గొంతు నొక్కేశాం" అంటూ భర్త తన పరుపు చుట్టి చంకన పెట్టుకున్నాడు. అతను పగలు పడుకోవడానికి పైవాటాలో ఖాళీగా ఉన్న గది తాళం ఇస్తూ, "ముందు నా నోటికి వాత పెట్టాలి, బంగారుబొమ్మ అన్నందుకు" అని పిన్నిగారు నొచ్చుకుంది. తల్లి పైఅధికారిని బతిమాలి సగంపూట పనికి మారింది. గిలక్కాయ అటక దిగింది. మాటల డాక్టరు చెప్పినట్టు, స్నానం దగ్గరా అన్నం దగ్గరా చిన్నితో మాట్లాడుతూ, జవాబు కోసం ఆగుతూ, జవాబు రాని రోజుల్లో తల్లి స్నానాలగదిలో ఏడుస్తూ నాలుగు నెలలు గడిచాయి.

ఒకరోజు ఆమె ఫోనులో ఉంది. మెషిన్ ఆగిపోయిందని అవతల పెద్దాయన కేకలేస్తున్నాడు. వెనకనుంచి చిన్ని గొంతు ఖంగుమంది.

"అమ్మా, నీళ్ళు!"

తల్లి గిరుక్కున తిరిగింది. ఆమె నోరు తెరిచేలోపే చిన్ని బెదిరిపోయి, తన వేలు తనే పెదాల మీద పెట్టుకుంది.

తల్లి కుర్చీ దిగి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ చిట్టివేలిని పెదాల మీదనుంచి మెల్లగా తీసి, తన గుప్పిట్లో దాచుకుంది. అప్పుడు ఫోనులో అంది:

"ఒక్క నిమిషం ఆగండి బాబుగారూ. మా అమ్మాయి మాట్లాడుతోంది."