బోర్లా చదివిన పాఠాలు

డాక్టరు చెప్పింది విని కోడలు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. కుడికంటి లోపలి పొర ఊడిపోతే ఆపరేషను చేసి, కంట్లో గాలిబుడగ నింపారు. ఆ బుడగ పైకి తేలి పొరని నొక్కి పట్టుకోవాలంటే మనిషి వారం రోజులు బోర్లా పడుకోవాల్సిందే. తిన్నా, నడిచినా తల నేలవైపే ఉండాలి.

"రెండో కన్ను బాగానే ఉందిగా డాక్టరుగారూ, దాంతో చదువుకుంటాను."

"ఒకటి కదిలితే రెండోదీ కదులుతుందమ్మా. నెల్లాళ్లు పుస్తకం ఊసే ఎత్తకు."

నెల్లాళ్లంటే పరీక్ష కాస్తా అయిపోతుంది. పగలంతా టికెట్ల కౌంటర్లో కూర్చుని, సాయంత్రాలు కాలేజీకి పరుగెత్తి, ఏళ్ల తరబడి లాక్కొచ్చిన డిగ్రీ అది. మిగిలింది ఒకే ఒక్క పేపరు. పాశ్చాత్య సాహిత్యం, చిత్రకళ, సంగీతం, భవన నిర్మాణం అన్నీ కలిపి కట్టిన పెద్ద మూట. దాన్ని చివరికి అట్టేపెట్టుకోవడమే తప్పయిపోయింది.

మొగుడు గూడ్సు బండి డ్రైవరు. డ్యూటీ ఎక్కాడంటే మళ్లీ ఇంటిమొహం ఎప్పుడు చూస్తాడో అతనికే తెలీదు. ఇంట్లో మిగిలేది అత్తయ్య. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. మాట అచ్చుగుద్దినట్టు ఉంటుంది, కానీ అవసరానికి మించి ఒక్కటీ రాలదు. అత్తాకోడళ్ల మధ్య ఏనాడూ మాటామాటా రాలేదు. అలాగని చనువూ లేదు. "తిన్నావా?" "తిన్నానత్తయ్యా." అంతటితో సరి. కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా ఆవిడ గోడగడియారం వంక ఓ చూపు చూసేది. ఆ చూపు కోడలి మనసులో ముల్లులా దిగబడి ఉండిపోయింది. తన చదువంటే ఆవిడకి గిట్టదని ఎప్పుడో తేల్చేసుకుంది.

ఇంటికొచ్చాక మంచం అంచున దిండు పెట్టి, మొహం బయటికి వేలాడేలా పడుకోబెట్టారు. ఇక లోకమంటే కింద కనిపించే నాలుగు గచ్చుపలకలే. కాసేపటికి వాటి మీద టపటపా చుక్కలు పడ్డాయి. ఏడవకూడదని డాక్టరు మరీమరీ చెప్పినా ఆగలేదు.

అత్తయ్య పాదాలు వచ్చి పలకల పక్కన ఆగాయి. ఒక గుడ్డ వచ్చి తడి తుడిచి వెళ్లిపోయింది. మళ్లీ పాదాలు వచ్చేసరికి పేజీలు తిప్పుతున్న చప్పుడు.

"ఎందాకా అయింది?"

"ఏది అత్తయ్యా?"

"నీ చదువు. ఎక్కణ్ణించి మొదలుపెట్టను?"

కోడలు తలెత్తబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి ఆగి, "భవన నిర్మాణం," అంది.

అత్తయ్య కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా నంబరు ఒప్పజెప్పినట్టు విడివిడిగా, ఖణీమంటూ. రెండు పేజీలయ్యాక కోడలు నసిగింది. "ఏమీ అనుకోకండి. మొహం కనపడకుండా గొంతొక్కటే వీపు మీంచి వస్తుంటే స్టేషన్లో మైకు విన్నట్టుంది. ఏ ప్లాట్‌ఫారానికి పరుగెత్తాలో అనిపిస్తోంది."

అత్తయ్య చటుక్కున లేచి వెళ్లింది. కోపమొచ్చిందనుకుని కోడలు నాలిక్కరుచుకుంది. అంతలో నేల మీద చాప పరుచుకుంది. మూలుగుతూ, గోడ పట్టుకుంటూ అత్తయ్య మెల్లిగా దాని మీద వెల్లకిలా పడుకుని, సరిగ్గా కోడలి మొహం కిందికి జరిగింది.

"అయ్యో, మీ మోకాళ్లు!"

"పడుకోవడానికి మోకాళ్లతో పనేముంది? లేచేటప్పటి సంగతి అప్పుడు చూద్దాం. ఇప్పుడు కనపడుతున్నానా?"

కనపడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మొహాన్ని అంత దగ్గర్నుంచి చూడ్డం అదే మొదలు. గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ, కనుబొమల్లో తెల్లబడిన రెండు వెంట్రుకలు. ఆ కళ్లల్లో కోపం అన్న మాటే లేదు.

అలా సాగింది వాళ్ల చదువు. పెద్దపెద్ద కిటికీలున్న చర్చి గోడలు కూలిపోకుండా బయట్నుంచి రాతి చేతులు ఆనిస్తారని చదివి, "లోపల వెలుతురు కావాలంటే బయట ఎవరో ఒకళ్లు మొయ్యాలన్నమాట," అంది అత్తయ్య, ఆలోచిస్తూ. ఫ్యూగ్ అనే సంగీతం దగ్గర ఇద్దరికీ నవ్వాగలేదు. ఒక గొంతు పాట ఎత్తుకుంటుంది, అది సగంలో ఉండగానే ఇంకోటి అదే పాట అందుకుంటుంది, వెనకాలే మూడోది. "మీ మామయ్యగారి కళ్లజోడు పోయిన రోజున మనింట్లో జరిగేది ఇదే. 'ఎక్కడ పెట్టానూ' అని ఆయన, 'ఎక్కడ పెట్టారూ' అని నేను, 'ఎక్కడ పెట్టారటా' అని మావాడు." విషాద నాటకంలో నాయకుడు ఎవరెంత మొత్తుకున్నా వినకుండా మొండికేస్తాడని చదివి, ఆవిడ పుస్తకం దించి, "మీ మామయ్యగారూ అంతే. చచ్చి ఏ లోకాన ఉన్నారో మహానుభావుడు," అంది. నవ్వబోయి, నవ్వలేక ఆగిపోయింది.

బొమ్మల పాఠంతోనే చిక్కు. చూడకుండా చిత్రకళ ఎలా చదవడం? అత్తయ్య పుస్తకాన్ని తన మొహానికి దగ్గరగా పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేది. "ఒకావిడ కూర్చునుంది. బుగ్గ ఒకటే వెలుగులో ఉంది, తతిమ్మాదంతా చీకటి. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి ముందు కూర్చున్నట్టుంది. ఎవరికోసమో చూస్తోంది."

"అని రాసుందా?"

"రాయడమెందుకు? చూసి చూసి అలిసిపోయిన మొహం నాకు తెలీదూ? నువ్వు ఆలస్యమైన రోజుల్లో అద్దంలో నేను అలాగే ఉండేదాన్ని. నువ్వొచ్చే దారిలో దీపాలు కూడా సరిగ్గా వెలగవాయె. గడియారం చూసుకుంటూ కూర్చునేదాన్ని."

కోడలు పైనుంచి చెయ్యి చాపి ఆవిడ నుదుటి మీద పెట్టింది. అత్తయ్య ఆ చేతిని తియ్యనివ్వలేదు. అలాగే ఉంచుకుని, "ఈ కాలపు పద్ధతిని బరోక్ అంటారట, గుర్తుపెట్టుకో," అని పేజీ తిప్పింది.

ఆ సాయంత్రం మొగుడు ఫోన్ చేశాడు. "అమ్మేదీ?"

"నా మంచం కింద పడుకుని సొనాటా అనే సంగీతంలో ఎన్ని భాగాలో చెప్తున్నారు."

"నీకు వేసింది కంట్లో మందేనా?" అన్నాడు పాపం.

వారం తర్వాత తల ఎత్తుకోనిచ్చారుగానీ చదవడం, రాయడం మాత్రం వద్దన్నారు. పరీక్షలో చెప్పింది రాసిపెట్టే మనిషిని తెచ్చుకోమంది కాలేజీ. ఆ మనిషికి పరీక్ష రాసేవాళ్లకన్నా చదువు తక్కువ ఉండాలట. అత్తయ్యది స్కూలు చదువే. ఇంటి మనిషి కదా అని మొదట నసిగి, పక్కన ఒక లెక్చరర్ని కాపలా కూర్చోబెడతామని చివరికి ఒప్పుకున్నారు.

పరీక్ష గదిలో కోడలు చెప్తూ పోయింది, అత్తయ్య రాస్తూ పోయింది. అన్నీ బాగానే వచ్చాయి. చివర్లో, ఒక్కవైపు వెలుగు పెట్టి మిగతా అంతా చీకట్లో ముంచే చిత్రాలు ఏ కాలానివని ప్రశ్న. అప్పటికి కోడలి బుర్ర వేడెక్కిపోయింది. "రినైసాన్స్," అంది ధీమాగా, దాన్నే పట్టుకుని ఒకటిన్నర పేజీ చెప్పింది. అత్తయ్య కలం ఎక్కడా తడబడలేదు. చెప్పింది చెప్పినట్టు రాసింది.

బస్సులో కూర్చున్నాక ఆవిడ మొహం గంటుపెట్టుకుంది. "చెయ్యి నొప్పా అత్తయ్యా?" అని కోడలు వేళ్లు ఒత్తబోయింది.

"బరోకే తల్లీ, బరోకు!" ఉన్నట్టుండి బద్దలైంది అత్తయ్య. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. "నాలిక చివర్న ఆడింది. పళ్లు బిగించి రాశాను."

కోడలు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత తప్పు తెలిసి తల కొట్టుకుంది. "ఒక్కసారి దగ్గినా నాకు అర్థమయ్యేదిగా!"

"దగ్గితే నీ డిగ్రీలో నా దగ్గు కూడా ఉండేది. నువ్వంత కష్టపడి చదివావు. తప్పయినా ఒప్పయినా అది నీదే అవ్వాలి." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "కానీ రాస్తుంటే ప్రాణం పోయిందనుకో."

కోడలు ఆవిడ భుజం మీద తల ఆనించింది. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.

కన్ను నిలబడింది. పరీక్షా గట్టెక్కింది. ఆ ప్రశ్నకి సున్నా వచ్చినా, తతిమ్మావాటికి దండిగానే పడ్డాయి. ఫలితం తెలిసిన రోజున మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. "ఇంక చదువులు చాలా, ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు నవ్వుతూ.

కోడలు జవాబు చెప్పేలోగానే వంటింట్లోంచి అత్తయ్య గొంతు ఖణీమంది. "ఎమ్మే కట్టమను. ఈసారి మాత్రం కుర్చీలో కూర్చుని చదువుకుందాం."