ముందు మడిగె

మెట్‌పల్లి పాత బస్టాండు దగ్గర దూది ఏకి పరుపులు కుట్టే చాంద్‌పాషాకు ఒకే ఒక ధీమా ఉండేది. అతను కిరాయికున్న మడిగెల, అంటే ఆ దుకాణం గదుల, యజమాని అంతయ్య ఏనాడో స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు: ఈ మడిగెలు కూలగొట్టి కొత్తవి కడితే, రోడ్డు వైపు మొదటిది చాంద్‌పాషాకే కిరాయికివ్వాలి. ఆ షరతును నమ్ముకునే కారే కప్పు కింద దగ్గుకుంటూ ఇన్నేళ్లు ఓపిక పట్టాడు.

అంతయ్య మంచాన పడ్డాడు. కొడుకు సాయిచంద్ వచ్చి, "బాపు కాగితం పాతదైంది కాకా. నా పేరు మీద కొత్తది రాసుకుందాం," అన్నాడు. అక్కడి బజారులో ఒక అలవాటుంది. కొత్త కాగితం రాసుకున్నాక పాతదాన్ని చెరో కొస పట్టుకుని చింపి, చెరో ముక్క ఉంచుకుని, నోట్లో చక్కెర వేసుకుంటారు.

భార్య ఖుర్షీద్ చెప్పనే చెప్పింది. "గా ముందు మడిగె మాట అందుల ఉన్నదో లేదో జర అడుగు."

అడిగాడా? అడగలేదు మహానుభావుడు. చిన్నప్పుడు తన దూది కుప్పల మీద దొర్లిన పిల్లాడు చక్కెర గిన్నె పట్టుకుని నిలబడితే, అనుమానపడ్డట్టు ఉంటుందని సిగ్గుపడ్డాడు. సంతకం పెట్టాడు, చింపాడు, చక్కెర తిన్నాడు.

ఏడాది తిరగకముందే మడిగెలు కూలగొడుతున్నారని, ఖాళీ చేయమని కబురొచ్చింది. ముందు మడిగె మందుల దుకాణానికి మాటైపోయిందట. చాంద్‌పాషా అంతయ్య మంచం దగ్గరికి పరుగెత్తాడు. బతిమాలి, వాళ్లింట్లో ఉన్న పాత కాగితం రెండో ముక్క తెచ్చుకున్నాడు. ఖుర్షీద్ మైదాపిండి ఉడికించి రెండూ అతికించింది. రెండు ఒప్పందాలూ పట్టుకుని జగిత్యాలలో వకీలు పద్మలత దగ్గరికి పోయారు.

ఆమె ఓపికగా చదివింది. "చింపకున్నా గింతే కాకా. పాత ఒప్పందం రద్దు, దాని జాగల ఇదని రాసి ఉన్నది. మీరు ఒప్పుకొని సంతకం పెట్టిండ్రు. పాతదానితోని షరతు గూడ పోయింది. మిమ్ముల చదవనియ్యలేదా?"

"చదువుమనే అన్నడమ్మా. నేనే చదవలే."

ఆమె కాగితాలు మడిచి ఇచ్చేసింది.

ఖాళీ చేసే రోజు ఏకే మిషన్‌ను ట్రాలీకి ఎక్కించారు. ఎక్కడ దించాలో ఇద్దరికీ తెలియదు. చాంద్‌పాషా అలవాటుగా షటర్ దించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"గా తాళంచెవి ఇచ్చెయ్యి," అంది ఖుర్షీద్. కోపంగా కూడా అనలేదు.

"రేపు పొద్దుగాల తెరవాలె గదా..." అని ఆగిపోయాడు చాంద్‌పాషా. సాయిచంద్ చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.