మారెమ్మ పేరు మీద గెలిచిన కేసు

రామాంజి కారు దిగేసరికి జేసీబీ ఇంకా పని మొదలుపెట్టలేదు. కాడుగోడి పేట వెనక, వాననీళ్లు పోయే రాజకాలువ గట్టున ఉన్న రేకుల ఇళ్ల ముందు పోలీసులు నిలబడి ఉన్నారు. పరుపులు, బిందెలు, టీవీలు అన్నీ రోడ్డు మీదకొచ్చేశాయి. ఆడవాళ్లు ఏడుస్తూనే సామాను మోస్తున్నారు.

"రామాంజప్ప వచ్చినాడు!" అని ఎవరో కేకేశారు. అంతే, ఏడుపులు ఆగిపోయాయి. ఎమ్మెల్యే వస్తే జనానికి ధైర్యం రావడం మామూలే. కానీ ఆ జేసీబీని ఇక్కడికి రప్పించింది ఒక రకంగా ఆయనే.

ఎమ్మెల్యే కాకముందు ఆయన లాయరు. ఫీజు అడగడం చేతకాని లాయరని కోర్టులో తోటివాళ్లు నవ్వుకునేవారు. అప్పట్లో ఎగువన ఒక అపార్టుమెంటు కాలువను సగానికి సగం మింగేసి లేచింది. గట్టిగా వాన పడితే చాలు, మురికినీళ్లు ఈ ఇళ్లలోకి వచ్చేవి. ఆ ఇళ్లలోనే ఉండే ముసలామె మారెమ్మ మనవరాలు జబ్బుపడి చచ్చి బతికింది. రామాంజి ఊరుకోలేకపోయాడు. మారెమ్మ చేత వేలిముద్ర వేయించి, ఆమె పేరు మీదే హైకోర్టుకెక్కాడు. కాలువ మీదున్న కట్టడాలన్నీ తీసేయించమని అడిగాడు. పేదల ఇళ్లను వదిలేయమని కూడా రాస్తే కేసు నిలబడదేమోనని భయం. ముందు గెలుద్దాం, వీళ్ల సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాడు. ఎంత తెలివైన లాయరుకైనా ఆ 'తర్వాత' మీద ఎక్కడలేని నమ్మకం. గెలిచాడు. ఈ గట్టు మీదే దండలేసి ఊరేగించారు. ఆ ఊరేగింపే ఆయన్ని ఎన్నికల దాకా మోసుకెళ్లింది.

అపార్టుమెంటువాళ్లు పెద్ద వకీళ్లను పెట్టుకుని పై కోర్టులో స్టే తెచ్చుకున్నారు. వీళ్లకు రాలేదు. రామాంజి కాళ్లరిగేలా మంత్రుల చుట్టూ తిరిగాడు. కోర్టు విషయంలో మేమేం చేస్తామన్నారు. మళ్లీ కోర్టుకే వెళితే, అడిగిందే ఇచ్చాం కదా అని నిన్న పిటిషన్ కొట్టేశారు.

కాలువల ఇంజనీరు కాత్యాయని పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "సార్, ఇది మీరు గెలిచిన కేసే. ఆపితే నన్ను కోర్టులో నిలబెడతారు. గంట టైమిస్తాను. అంతకంటే నావల్ల కాదు."

ఆమెను తిట్టడానికి కూడా రామాంజికి ఏమీ దొరకలేదు. అపార్టుమెంటు బాల్కనీలో ఎవరో తీరిగ్గా బట్టలు ఆరేసుకుంటున్నారు. వెనక్కి తిరిగి చూస్తే, జనం సామాను మళ్లీ లోపలికి మోస్తున్నారు. అందరికంటే ముందు మారెమ్మ, చంకలో బియ్యం డబ్బాతో.

"ఏం చేస్తా ఉండావవ్వా?"

"లోపల పెడ్తా ఉండానప్పా. నువ్వు వచ్చినాక ఇంక ఎవురు కొడ్తారు? మబ్బు పట్టుండాది, బియ్యం తడుస్తాది. రా, టీ తాగి పో."

చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్లింది. స్టవ్ వెలిగించి గిన్నె పెట్టింది.

"అవ్వా, టీ వద్దు. సామాను బయట పెట్టించు. ఇండ్లు కొడ్తారు."

"కొట్టేదేమప్పా? కేసు గెల్చినాము కదా!"

"గెల్చినాము. కాలువ మీద ఉండేవన్నీ తీసేమని గెల్చినాము. మనవీ దాని మీదే ఉండాయి."

మారెమ్మ ఆయన మొహం వంక చూసింది. కోపం లేదు, అదే ఆయన్ని చంపేసింది.

"అయితే నా పేరు మీదనే కొడ్తా ఉండారా?" అంది. "వేలిముద్ర వేసింది నేనే కదప్పా. బయట వాళ్లకి నేనేం చెప్పేది?"

"నువ్వేం చెప్పొద్దు" అన్నాడు రామాంజి.

వంగి స్టవ్ ఆపాడు. సిలిండరు విప్పి భుజానికెత్తుకుని గడప దాటాడు. మూటలతో ఇళ్లలోకి పోతున్నవాళ్లు, ఎమ్మెల్యే మోసుకొస్తున్న సిలిండరును చూసి ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.