మంచు ఎక్కే సందు

ముజోనో రోజూ పొద్దున ఎనిమిదింటికి జీపు తీస్తాడు. టూరిస్టులకి సూర్యోదయం చూపించే బేరాలు కుర్రాళ్ళకి ఎప్పుడో వదిలేశాడు. ఆయనవి ఊరి బేరాలు. బ్రోమో అగ్నిపర్వతం పక్కనున్న చెమొరో లావాంగ్ ఊళ్ళో బయల్దేరి, ఇసుక మైదానం దాటి, జెంప్లాంగ్ కనుమ ఎక్కి, రాను పానీ ఊరి దాకా పోతాడు. విత్తనపు బంగాళాదుంపలు, ఎరువు బస్తాలు, చుట్టాలిళ్ళకి పోయే ఆడవాళ్ళు, అందరూ వెనకే సర్దుకుంటారు. ముందు ఎడమ సీటులో మాత్రం ఎవరూ కూర్చోరు. అది మంచుది.

నలభై ఏళ్ళు దాటిన ఆ హార్డ్‌టాప్ జీపుకి, ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు పదకొండేళ్ళ కిందట ఎడమ మూల చిరిగింది. రెండు వేళ్ళు పట్టేంత సందు. రెండో మలుపు దగ్గర దూడంత పొగమంచు ముక్క ఒకటి ఆ సందులోంచి లోపలికొచ్చి కూర్చుంటుంది, కనుమ మీద అదే సందులోంచి దిగిపోతుంది. కొత్తవాళ్ళెవరైనా సీటు ఖాళీగా ఉందిగా అని అడిగితే, "లేదు, ముందు మంచు ఎక్కుతుంది" అంటారు, బస్సులో ఎవరో జేబురుమాలు వేసి పోయారన్నంత మామూలుగా.

నాలుగు నెలలుగా ముజోనోకి దారి తెల్లగా కనిపిస్తోంది. మొదట అంచుల్లో తెల్లగా ఉండేది, ఇప్పుడు నడిమధ్యకి వచ్చేసింది. ఇసుక గాలికి అద్దం గీతలు పడిపోయిందని ఊరంతా చెప్పుకొచ్చాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కనిపించనప్పుడల్లా అద్దాన్నే తిట్టాడు. లోపల మాత్రం భయం. తప్పు అద్దానిది కాకపోతే కళ్ళది. కళ్ళదైతే, డ్రైవరన్న పేరు ఇక మర్చిపోవాల్సిందే. కాదంటే ఆస్పత్రికి పోవాలి, అక్కడ కంట్లో కత్తి పెడతారు. మనిషి మెలకువగా ఉండగానే పెడతారని ఎవరో చెప్పారు. భార్య రుక్యాతికి ఈ సంగతేదీ చెప్పలేదు.

అద్దం మార్చడానికి కనుమ అవతలి తుంపాంగ్ నుంచి మేస్త్రీ సమిరాన్ వచ్చాడు. ముందు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి కాఫీ పోస్తే గానీ అక్కడ ఎవరినీ పనిలోకి దిగనివ్వరు. కాఫీ తాగి, సమిరాన్ బీడింగుని గోటితో గిల్లి చూశాడు.

"అన్నా, ఇది కట్టె అయిపోయింది. కొత్త అద్దానికి పాత బీడింగు వేస్తే మళ్ళీ నన్నే తిడతావు."

"రెండూ మార్చెయ్," అన్నాడు ముజోనో.

రుక్యాతి గుమ్మంలోంచి అడిగింది. "మరి మంచు ఎటునుంచి ఎక్కుతుంది?"

"సందు వదిలితే దాంతోపాటు వానా ఎక్కుతుంది వదినా. తలుపు తీసి పిలవండి."

"పదకొండేళ్ళలో అది ఒక్కసారైనా తలుపు మొహం చూసిందా?"

"అలవాటు చేసుకుంటుంది లేవే," అని విసుక్కున్నాడు ముజోనో. ఆయన తొందర ఆయనది.

సమిరాన్ పాత రబ్బరుని కత్తితో కోసేశాడు. లోపల పడుకుని రెండు అరికాళ్ళతో అద్దాన్ని మెల్లగా బయటికి తన్నాడు. ఫ్రేము తుప్పు గీకాడు. కొత్త బీడింగుని కొత్త అద్దం చుట్టూ తొడిగి, దాని గాడిలో ఒక తాడు చుట్టూ తిప్పి, సబ్బునీళ్ళు పూశాడు. బయట నుంచి ముజోనో అద్దాన్ని అరచేతులతో నొక్కిపట్టాడు. లోపల సమిరాన్ తాడు లాగుతుంటే, రబ్బరు అంచు ఫ్రేము మీదికి బెత్తెడు బెత్తెడు చొప్పున ఎగిరి కూర్చుంది.

పని అయ్యాక ముజోనో స్టీరింగు ముందు కూర్చుని చూశాడు. తెల్లగా ఉంది.

"సబ్బు మరక ఉన్నట్టుంది," అన్నాడు.

సమిరాన్ తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. "నీళ్ళలా ఉందన్నా. నా మొహం కనిపిస్తోంది."

"అవునవును, బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు ముజోనో.

మర్నాడు జీపెక్కింది ఇద్దరే. రాను పానీలో మనవరాలి ఇంటికి పోయే తర్మిని పెద్దమ్మ వెనక కూర్చుంది. రుక్యాతి ముందు ఎడమ సీటులో కూర్చుంది. సందు లేదు గనక సీటు ఖాళీయే కదా అని ఎక్కింది. మొగుడి పక్కన కూర్చుని పదకొండేళ్ళయింది. సిగ్గుగా సరోంగ్ గుడ్డని భుజాల చుట్టూ సర్దుకుంది.

రెండో మలుపులో మంచు కాచుకుని ఉంది. జీపు రాగానే అలవాటైన మూలకి వెళ్ళింది. కొత్త రబ్బరు వెంబడి పైకీ కిందికీ తడుముకుంది. సందు దొరకక జారి వెనకబడింది. వాకిలి మారిన ఇంటికొచ్చిన చుట్టంలా నిలబడిపోయింది, పాపం.

ముజోనోకి అదేమీ తెలియదు. ఆయన ముందున్నదంతా తెలుపే.

"ఎక్కేసిందా?" అని అడిగాడు.

"ఎక్కడ! వెనకే ఉండిపోయింది."

"మరి ఇదంతా ఏంటి, తెల్లగా?"

"ఏది తెల్లగా? ఫెళ్ళున ఎండ కాస్తుంటే!"

ముజోనో గేరు మార్చాడు. జీపుని ఇసుకలోకి దింపాడు, కాసేపు పోయాడు, ఎటో తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. వెనకనుంచి తర్మిని పెద్దమ్మ, "ఏమే రుక్యాతీ, బ్రోమో కొండ కుడిపక్కన ఉండాలి గదా, ఎడమకి ఎప్పుడొచ్చింది?" అంది.

"నేనూ అదే చూస్తున్నా పెద్దమ్మా."

"కొండేమైనా జరిగిందా?"

"మనమే జరిగాం. మన టైరు గుర్తుల మీద మనమే పోతున్నాం. ఏమయ్యా, ఆపు!"

జీపు ఆగింది. ముజోనో స్టీరింగు వదల్లేదు. "నాకు కనిపించడం లేదే," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలుగా రోజూ జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నావు. ఎట్లా నడిపావయ్యా?"

ఆయనకీ ఆ ప్రశ్నకి జవాబు అప్పుడే తట్టింది. "మలుపులు ఒంటికి అలవాటే. ఇసుకలో మాత్రం ఎడమ చెంపకి చల్లగా తగిలితే ఎడమకి తిప్పేవాణ్ణి. కుడి చెంపకి తగిలితే కుడికి. మెడ మీద తగిలితే బ్రేకు. చలిగాలి అనుకున్నా."

తర్మిని పెద్దమ్మ ముందుకి వంగింది. "అయితే డ్రైవరు అదన్నమాట. ఛార్జీలు మాత్రం నువ్వు తీసుకున్నావు."

ఎవరికీ నవ్వు రాలేదు. రుక్యాతికి ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ముజోనో సీటు కింద తడిమి కత్తి తీసుకుని, తలుపు తెరిచి దిగాడు. బీడింగు ఎడమ మూల ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కుంటూ, "సందు చేస్తా. అది లోపలుంటే నేను ఎన్నేళ్ళైనా నడుపుతా," అన్నాడు. కత్తి రబ్బరు మీద ఆనింది.

మంచు అప్పటికి ఇసుక మీద నడుచుకుంటూ వచ్చేసింది. ఆయన పక్కనుంచే పోయింది, ఆయన కోసం ఆగలేదు. తెరిచి ఉన్న డ్రైవరు తలుపులోంచి ఎక్కి, ఆయన సీటులో కూర్చుంది.

"కొయ్యకు," అంది రుక్యాతి. "ఎక్కేసింది. నీ సీట్లో కూర్చుంది."

"నా సీట్లోనా?"

"ఊఁ. దిగేట్టు లేదు."

ముజోనో కత్తి దించేశాడు. బానెట్ మీద చెయ్యి ఆనించాడు. రుక్యాతి దిగి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఎడమ సీటులో కూర్చోబెట్టింది. పొలంలో బస్తాలు మోసేటప్పుడు జీపుని ఫస్టు గేరులో ముందుకీ వెనక్కీ జరపడం తప్ప ఆవిడకి డ్రైవింగు రాదు. అయినా డ్రైవరు సీటెక్కింది. మంచు కాస్త సర్దుకుని చోటిచ్చింది.

జీపు ముక్కుతూ మూలుగుతూ కదిలింది. బ్రోమో మెల్లగా కుడిపక్కకి వచ్చి కుదురుకుంది. కనుమ మీద దారి రెండుగా చీలుతుంది. ఎడమకి పోతే రాను పానీ. కుడికి దిగితే తుంపాంగ్, అది దాటితే మలాంగ్, అక్కడ కళ్ళాస్పత్రి. పదకొండేళ్ళుగా మంచు దిగిపోయే చోటు ఆ చీలికే. ఈసారి దిగలేదు.

జీపు కుడికి తిరిగింది. ఒంటి వాలుని బట్టి ముజోనోకి తెలిసిపోయింది.

"రాను పానీ ఎడమకి గదే."

"నాకు తెలుసు."

"మరి ఇటెందుకు తిప్పావు?"

"నేను తిప్పలేదయ్యా," అంది రుక్యాతి, కుడి చెంప తడుముకుంటూ.

ముజోనోకి భయమేసింది. ఉన్నమాటే, చాలా భయమేసింది. ఆపమని అనబోయి, వెనక్కి తిరిగి అడిగాడు. "పెద్దమ్మా, మీ మనవరాలు ఎదురుచూస్తుంటుందేమో?"

"రేపు చూసుకుంటాం లే నాయనా," అంది తర్మిని పెద్దమ్మ. "కళ్ళాస్పత్రిలో కత్తి నొప్పి కొంతసేపే. నువ్వు కళ్ళు మూసుకుని కూర్చో, దారి సంగతి మంచుని చూసుకోనీ."