పదోసారి వచ్చే పేరు

చిట్టి మొగుడు అంతరిక్షంలో ఓడలు కొట్టుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నాడు. కంపెనీవాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమనడంతో అతని కంప్యూటర్ భోజనాల బల్లను సగం ఆక్రమించింది. మిగిలిన సగం మీద ఇద్దరూ మోచేతులు రాసుకుంటూ తినేవారు. ఓడలు గీయడం అయింది, వాటిని పేల్చడమూ అయింది. పేర్ల దగ్గరకొచ్చేసరికి బండి ఆగిపోయింది. ఆడేవాళ్లకి ఎదురొచ్చే ప్రతి ఓడకీ కొత్త పేరుండాలట. కూర్చుని రాస్తే ఎన్నని రాస్తాడు?

"రెండు వరసలు చాలు," అన్నాడు ఒకరోజు. "ముందు మాటలు నలభై, వెనక మాటలు నలభై. యంత్రం కళ్లు మూసుకుని అందులోంచొకటి, ఇందులోంచొకటి తీసి అతికిస్తుంది. పదహారు వందల పేర్లు! కానీ నాకు మాటలెక్కడివి? నీ దగ్గరైతే బస్తాలకొద్దీ ఉన్నాయి."

అది నిజమే. చిట్టి కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ల ముక్కుల మీద ఫ్రేములు సరిచేస్తూ ఒక్కొక్కరికీ మనసులోనే ఓ పేరు పెట్టేసేది. సాయంత్రం ఇంటికొచ్చి, ఆరిన బట్టలు మడతపెడుతూ అవన్నీ మొగుడి ముందు కుమ్మరించేది. అతను పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నవ్వొచ్చేవే కాదు, ఇంకెవరికీ చెప్పుకోలేనివి కూడా ఆ బట్టల కుప్ప దగ్గరే చెప్పుకునేది. పదకొండేళ్ల కాపురంలో ఆమెకు బాగా నచ్చిన వేళ అది.

అందుకని మాటలడిగితే సంబరపడిపోయింది. అలిగిన, నీలి, దూరపు, మండే అని ముందు వరస నింపింది. కొడవలి, దివిటీ, గాలిపటం, చెప్పు అని వెనక వరస నింపింది. అతను మీట నొక్కాడు. 'నీలి కొడవలి' వచ్చింది. ఇంకోసారి నొక్కితే 'అలిగిన దివిటీ'. మూడోసారి 'మండే చెప్పు'.

"అయ్యో, చెప్పు తీసెయ్యండి, బాగుండదు!"

"ఉండనీవే. శత్రువుల ఓడకి పెడదాం. మీద పడిందంటే ప్రాణం పోకపోయినా పరువు పోతుంది."

ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నారు.

ఆదివారం ఆట చూడ్డానికి బావగారు, అక్క, వాళ్ల పన్నెండేళ్ల కూతురు పొట్టి వచ్చారు. అక్కంటే చిట్టికి తోడికోడలు. ఆసుపత్రిలో రక్తం తీసే పని ఆవిడది. గుక్కపెట్టి ఏడ్చే పసివాళ్లకి కూడా సూది గుచ్చినట్టు తెలియకుండా తీస్తుందని పేరు. చిట్టి కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఒక మాట అంటే ఈవిడ రెండు మాటలు అడ్డం వేసేది. చిట్టిని ఇప్పటికీ "పిల్లా" అనే పిలుస్తుంది.

నెల కిందట ఆ అక్క దుకాణానికొచ్చి, చిట్టిని వెనకగదిలోకి తీసుకెళ్లి కుడిచెయ్యి చాపింది. బొటనవేలు దానంతటదే టపటపా కొట్టుకుంటోంది.

"పరీక్షలు చేస్తున్నారు పిల్లా. ఏమిటో తేలేదాకా మీ బావగారికి కూడా తెలియకూడదు, కంగారుపడి ఊరంతా చెప్పేస్తారు. నరం దొరకని కష్టమైనవాళ్లని పక్కమ్మాయికి అప్పగిస్తున్నాను. ఆసుపత్రిలో తెలిసిందంటే నన్నిక సూది ముట్టుకోనివ్వరు."

చిట్టి ఒట్టేసింది. నాలుగు రోజులు దాచుకుంది. ఐదోరోజు మడతపెడుతున్న దుప్పటిలో మొహం దాచుకుని ఏడ్చింది. మొగుడు బతిమాలి అడిగితే, అతని చేత కూడా ఒట్టు వేయించుకుని చెప్పేసింది. "వణికే సూదితో ఎన్నాళ్లు నెట్టుకొస్తుందండీ!" అంది. మొగుడికి చెప్పుకోవడం పైవాళ్లకి చెప్పడం ఎలా అవుతుందనుకుంది.

ఆదివారం పొట్టి ఆట మొదలుపెట్టి, ఎదురొచ్చిన ఓడల పేర్లు గొంతెత్తి చదవసాగింది.

"దూరపు గాలిపటం! బాబాయ్, దీన్ని పేల్చను, ఇది నాది."

"పేల్చకపోతే అదే నిన్ను పేలుస్తుందే."

"పేల్చనీ. ఇదిగో, ఇంకోటొచ్చింది. వణికే సూది!"

"ఇదేం పేరురా?" బావగారు పకపకా నవ్వారు. "దర్జీ వాడి ఓడా? ఎవరికి జేబు కుట్టడానికెళ్తోంది?"

పొట్టి కూడా నవ్వింది. అక్క చేతిలోని టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా బల్ల మీద పెట్టింది. తల తిప్పి ఒక్కసారి చిట్టి వైపు చూసింది. చిట్టి మొగుడి వైపు చూసింది. అతను తెర మీంచి కళ్లు తిప్పలేదు.

కాసేపటికి అక్క తలనొప్పిగా ఉందని లేచింది. గుమ్మం దగ్గర చిట్టి మొహంలోకి చూడకుండా చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

ముగ్గురూ వెళ్లాక చిట్టి తలుపు వేసి వచ్చేలోపే అతను మొదలుపెట్టాడు. "నేనేం చెయ్యనే? కళ్లు మూసుకుని తీసే యంత్రం. పదహారు వందల్లో ఒకటి, మన ఖర్మ కొద్దీ ఇప్పుడే తగిలింది."

"వరసలు చూపించండి."

"ఎందుకిప్పుడు?"

"చూపించండి."

చిట్టి వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. ముందు నలభైలో 'వణికే' లేదు. వెనక నలభైలో 'సూది' లేదు. ఆ మాటలు ఆమె ఇవ్వనేలేదు. లేని మాటలను యంత్రం ఎక్కడినుంచి తీస్తుంది?

అతను కాసేపు గొణిగి, పేజీ కిందికి జరిపాడు. అక్కడ మూడో వరస ఒకటుంది. పైన 'నచ్చినవి' అని రాసుకున్నాడు.

"అతికించిన పేర్లు ఒక్కోసారి చప్పగా వస్తున్నాయి. అందుకని ప్రతి పదోసారీ దీంట్లోంచి ఒకటి వచ్చేలా పెట్టాను," అన్నాడు. "ఇవి నిండు పేర్లు, అతుకుల్లేవు."

ఇరవైమూడు ఉన్నాయి. అన్నీ చిట్టి నోటి మాటలే. దుకాణానికొచ్చే 'జారే ముక్కు' ఉంది. పుట్టింటి మీద అలిగి అన్న 'మూసిన వీధితలుపు' ఉంది. పన్నెండోది 'ఖాళీ ఉయ్యాల'. ఆ మాట ఆమె ఒక్కసారే అంది. ఐదో నెలలో కడుపు పోయి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మూడోరోజు. అంతకుముందు గాని ఆ తర్వాత గాని ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు అతను కూడా ఏడ్చాడు. ఏడుస్తూనే మాట గుర్తుపెట్టుకున్నాడన్నమాట.

"ఎంత అందంగా ఉందో చూడు," అన్నాడు. "చీకట్లో ఒంటరిగా పోయే ఓడకి అంతకన్నా మంచి పేరు దొరుకుతుందా? అయినా ఎవరికి తెలుస్తుందే? ఓడ పేరు చూసి మన కథంతా చదివేస్తారా?"

"అక్క చదివింది."

అతను కుర్చీ వెనక్కి లాగాడు. "అసలు వదిన సంగతి నాకు చెప్పిందెవరు?"

చెప్పింది తనేనని తెలిసే అడిగాడు. చిట్టి టీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఆసుపత్రికి వెళ్లింది. రక్తం తీసే గదిలో వేరే అమ్మాయి ఉంది. అక్క బయట కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటోంది. అక్షరాలు వంకర్లు పోతుంటే ఎడమచేత్తో కుడి మణికట్టు నొక్కిపట్టుకుంది.

"అక్కా."

అక్క తలెత్తింది. "పొద్దున్నే పెద్ద నర్సుకి నేనే చెప్పేశాను. ఇంకొకరి నోటినుంచి వెళ్లేలోపు నేను చెప్పడమే నయమనిపించింది. వెంటనే ఇక్కడ కూర్చోబెట్టారు. మీ బావగారికి నిన్ననే చెప్పాను. అందరూ నవ్వాక చెప్తావా అన్నారు. తనే కదా ముందు నవ్వింది, అదీ ఆయన బాధ."

"అక్కా, నేను ఆయనొక్కరికే చెప్పాను."

"అవును. నేనూ నీకొక్కదానికే చెప్పాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపముంటే చిట్టి కాళ్లైనా పట్టుకునేది. అక్క కలం తీసుకుని, చిట్టి భుజం మీదుగా వెనక నిలబడ్డ ముసలాయన్ని చూసి, "తర్వాత మీరేనా? రండి, పేరు చెప్పండి," అంది. చిట్టి పక్కకు జరగాల్సొచ్చింది.

ఇంటికొచ్చేసరికి మొగుడు ఉషారుగా ఉన్నాడు. "వదినది తీసేశాను, ఇక ఆ గొడవ లేదు. మిగతావి కంపెనీకి పంపాను. తెగ మెచ్చుకున్నారనుకో!"

"ఉయ్యాల?"

"అందరికీ అదే నచ్చింది. నాయకుడి ఓడకి పెడతారట." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "వెళ్లావుగా, ఏమంది వదిన? బాగా తిట్టిందా? చెప్పవే."

చిట్టి చేతిసంచి మేకుకి తగిలించింది. చెప్పడానికి చాలా ఉంది. ఆ వంకర అక్షరాలు, నొక్కిపట్టుకున్న మణికట్టు, పక్కకు జరిగి గోడ దగ్గర నిలబడ్డ ఆ కాసేపు. అతను కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, పదకొండేళ్లుగా వింటున్నట్టే వినడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

"రేపు కుళాయి రాదట," అంది చిట్టి. "బిందెలు నింపిపెట్టండి."