ప్లీడరుగారింటి కాఫీ

స్టవ్వు బర్నరు కన్నంలోంచి పిన్ను బయటికి లాగి, వెలుతురుకి పట్టి చూసి, లాజరు మళ్లీ ఊదాడు. మసి ఎగిరొచ్చి అతని మీసాల మీదే పడింది. గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు ఊరుకోలేదు.

"బాలశౌరి అయితే ఈపాటికి వెలిగించి వెళ్లిపోయేవాడయ్యా."

లాజరుకి ఒళ్లు మండింది. కోపం వస్తే అతనికి మాట రాదు, చెవులు వేడెక్కుతాయి. నలభై ఆరేళ్ల బక్కమనిషి. గవర్నర్‌పేట ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా ట్రెడిల్ తొక్కుతున్నాడు. తొక్కి తొక్కి కుడిపిక్క ఎడమపిక్క కన్నా లావెక్కింది. గోళ్ల మొదట్లో చేరిన సిరా ఏ సబ్బుకీ లొంగలేదు. బర్నరు బిగించి, పంపు కొట్టి, అగ్గిపుల్ల గీశాడు. నీలంగా వెలిగింది. ఆవిడ "హమ్మయ్య" అని గిన్నె పెట్టేసింది గాని, బాగుందన్న మాట ఆవిడ నోటినుంచి రాలేదు.

బాలశౌరి పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. సొంత తోడల్లుడు. లాజరు భార్య అమలమ్మకి అక్క మొగుడు. రైల్వేలో కలాసీ, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక నాలుగిళ్లు తిరిగి కుళాయిలూ బోరింగు పంపులూ బాగుచేసేవాడు. ఉయ్యూరులో అత్తవారింటికి వెళితే కోడికూరలో కందనకాయ బాలశౌరి విస్తట్లో పడేది, మెడముక్క లాజరుకి వచ్చేది. "పెద్దల్లుడు కదయ్యా" అనేది అత్తగారు శౌరమ్మ. పదిహేడేళ్లుగా ఆ మెడముక్క లాజరుకి మింగుడుపడటం లేదు.

కందనకాయనైనా భరించాడు గాని, కాఫీని భరించలేకపోయాడు. అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడే బాలశౌరి ఆ కథ ఎత్తుకునేవాడు. "ప్లీడరు వెంకటసుబ్బారావు గారింట్లో పనంటే అది పనే కాదు తమ్ముడూ. పంపు బిగించి లేచేసరికి బల్ల వేస్తారు. 'కూర్చో బాలశౌరీ' అని అమ్మగారే కాఫీ ఇస్తారు. గింజలు వేయించి దంచిన పొడి. మన ఇళ్లల్లో పెట్టుకునేదీ కాఫీయేనా?" అత్తగారు ముక్కు మీద వేలేసుకునేది. అమలమ్మ తన మొగుడి వంక చూసేది. ఆ చూపు లాజరుకి గుచ్చుకునేది. అతను ప్రెస్సు పనిమీద వెళ్లిన ఇళ్లల్లో దాహమంటే దూరంగా నిలబెట్టి దోసిట్లో నీళ్లు పోసేవారు. వాళ్ల నాన్నకీ అలాగే పోశారు, అది కొత్త కాదు. పనితనం ఉంటే మనిషిని కూర్చోబెట్టి కాఫీ ఇస్తారన్నదే కొత్త. ఆ పనితనం బాలశౌరికే ఉండాలా?

అందుకే ఎనిమిది నెలల కిందట సొంతంగా మొదలుపెట్టాడు. ప్రెస్సులో మిగిలిన శుభలేఖల అట్ట మీద యాభై కార్డులు కొట్టుకున్నాడు. 'ఎ. లాజరు. ఇంటి రిపేర్లు. స్టవ్వులు, కుళాయిలు, గొళ్లాలు, బోరింగు పంపులు. సాయంత్రం అయిదు తర్వాత, ఆదివారాలు.' అంచులకి పసుపు రంగు ఉండటంతో పెళ్లెప్పుడని అందరూ వేళాకోళం చేశారు. ఆ కార్డులు చూసి ఎవరూ పిలవలేదు. రెండు నెలల కిందట బాలశౌరికి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టాకే పిలుపులు మొదలయ్యాయి. ఆ మాట విన్ననాడు లాజరుకి లోపల ఒక మూల చల్లగా అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గు తొందరగానే పోయింది.

ఈ పొద్దున ఆరు గంటల పూజ నుంచి వస్తూ అమలమ్మ అంది, "బావకి బాగా తేడాగా ఉందంట. నిన్ను రమ్మంటున్నాడు. నేనెళ్తున్నా, నువ్వూ రారాదూ?"

"సాయంత్రం వస్తాలే. ప్లీడరుగారింటికి రమ్మన్నారు," అన్నాడు. ఆ 'ప్లీడరుగారు' అన్నప్పుడు గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

స్టవ్వు పని ముగించి, ఏలూరు కాలువ దాటి ప్లీడరుగారి సందులోకి తిరిగి, దొడ్డివైపు సైకిలు ఆనించాడు. బోరింగు తల విప్పి కడ్డీ పైకి లాగాడు. చివర తోలు వాషరు అరిగిపోయి ఉంది. ఆరేళ్ల కిందట బాలశౌరి వేసినదేనట. లాజరు దాన్ని తిప్పి తిప్పి చూశాడు, ఎక్కడైనా వంకర దొరుకుతుందేమోనని. దొరకలేదు. నాణెంలా గుండ్రంగా కోశాడు మహానుభావుడు. దాన్ని గోడ అవతలికి గిరాటేసి, తను నూనెలో నానబెట్టి తెచ్చిన కొత్తది వేశాడు. నాలుగు దెబ్బలకే నీళ్లు దూకాయి.

"బాగా చేశావు లాజరూ," అంది ప్లీడరుగారి భార్య వంటింటి గుమ్మంలోంచి. "ఉండు, కాఫీ తాగి వెళ్దువుగాని."

లాజరు గుండె పొంగింది. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బల్ల ఎటు వేస్తారో అని చూస్తూ నిలబడ్డాడు. ఉయ్యూరులో ఈ సంగతి ఎలా మొదలుపెట్టాలో మాటలు కూడా కూర్చుకుంటున్నాడు.

ఆవిడ గిన్నెతో వచ్చింది. బల్ల రాలేదు.

"మరుగుదొడ్డి గోడకి గూడుంది చూడు. అందులో బాలశౌరి గ్లాసుంది. కడుక్కుని పట్టు. అతనికి నయమయ్యేదాకా నువ్వు వాడుకో."

చాలా మామూలుగా అంది, దయగానే అంది. లాజరు వెళ్లి గూట్లో చెయ్యి పెట్టాడు. పాత సత్తు గ్లాసు. కడిగి, చాపిన చేత్తో పట్టుకుంటే, ఆవిడ తాకకుండా పైనుంచి పోసి లోపలికి వెళ్లిపోయింది.

లాజరు నేల మీదే కూర్చున్నాడు. కాఫీ మాత్రం అబద్ధం కాదు. అలాంటిది అతను పుట్టి బుద్ధెరిగాక తాగలేదు. ఇన్నేళ్లూ కుళ్లుకున్నది దీనికా? ఆ బల్లని, ఆ 'కూర్చో'ని బాలశౌరి ఎక్కడినుంచి తెచ్చుకున్నాడు? అందరి ముందూ నవ్వుతూ చెప్పి, విస్తట్లోకి తలవంచుకునేవాడు. ఎందుకు వంచుకునేవాడో తను ఒక్కసారీ చూడలేదు. లాజరుకి ఏడుపొచ్చింది. ఇప్పుడే వెళ్లాలనుకున్నాడు. వెళ్లి మంచం పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా, "అన్నయ్యా, వచ్చాను" అనాలి.

గ్లాసు కడిగి గూట్లో బోర్లించి సైకిలు దగ్గరికి వచ్చేసరికి దొడ్డిగుమ్మంలో ఇశ్రాయేలు నిలబడి ఉన్నాడు. బాలశౌరి పక్కింటివాడు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"లాజరన్నా, నువ్విక్కడున్నావని అమలమ్మక్క చెప్పింది." అతను గుమ్మం దాటి దగ్గరికొచ్చాడు. "అన్న పోయాడు. ఇప్పుడే, పది గంటలకి. నువ్వొచ్చావా అని రెండుసార్లు అడిగాడు."

లాజరు సైకిలు సీటు పట్టుకున్నాడు. చెవులు వేడెక్కాయి. ఈసారి వచ్చింది కోపం కాదు. ఇక ఈ ఇంటి పని అతనిదే. కోరుకున్నట్టే వచ్చింది.

ఇశ్రాయేలు కళ్లు తుడుచుకుని ఆ మేడవంక చూశాడు. "ఈ ఇల్లేనా, అన్నకి బల్లేసి కాఫీ ఇచ్చేది?"

"ఇదే," అన్నాడు లాజరు. "కూర్చోబెట్టి ఇచ్చేవాళ్లు. పేరు పెట్టి పిలిచేవాళ్లు. నేను కళ్లారా చూశాను."

ఇద్దరూ సైకిళ్లు ఎక్కారు. గూట్లో గ్లాసు అంచునుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఎప్పుడో చిట్లిన ఆ అంచుని ఎవరో ఓపిగ్గా లోపలికి మడిచి, పెదవి తెగకుండా ఆకురాయితో నున్నగా అరగదీశారు.